ఎగుమతులు పెరిగితే మన ఓరుగల్లు వైపు పని పెరుగుతుందా?

ఎనుమాముల గుమాస్తా

ఇరవై రెండేళ్లుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తిలో (కమీషన్ దుకాణంలో) గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఎగుమతులు పెరిగాయి కాబట్టి ఉద్యోగాలు పెరుగుతాయని ప్రతి సభలోనూ వింటున్నాను. మా అడ్తి ముందు కూర్చుని తేజ రకం మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లను చూస్తే ఆ మాట నాకు అంతుపట్టడం లేదు. ఫిబ్రవరి నుంచి మే వరకు వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. వానలు మొదలయ్యాక అదే ప్లాట్‌ఫారం మీద మనిషి అలికిడి ఉండదు. చైనా వాళ్లు కొనడం తగ్గించారన్న కబురు ఒక్కటి వస్తే చాలు, మర్నాటి జెండా పాట (ఆ రోజు మొదటి వేలం ధర) పడిపోతుంది, రైతు సరుకును కోల్డ్ స్టోరేజీకి మళ్లిస్తాడు, ఈ ఆడవాళ్లు ఖాళీ టిఫిన్ గిన్నెలతో తిరిగి బస్సెక్కుతారు.

నేను అడిగేది ఒక్కటే. సముద్రం దాటి వెళ్లే సరుకు వల్ల వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నిజంగా ఎంతమందికి పని దొరుకుతోంది? దొరికే పని ఎన్ని నెలలు నిలుస్తోంది? ఎవరి వృత్తిలో వారు చూసింది రాస్తే మేలు.

హన్మకొండ లెక్చరర్

నేను చూసింది తరగతి గది మాత్రమే, అయినా ఈ ప్రశ్నకు పునాది లాంటి ఒక మాట చెప్పాలి. హన్మకొండలో నేను కూరగాయలు కొంటే, ఆ అమ్మాయి అదే డబ్బుతో చౌరస్తాలో బియ్యం కొంటే, ఊళ్లో ఉన్న రూపాయే చేతులు మారుతుంది. బయటివాడు మన సరుకు కొన్నప్పుడు కొత్త రూపాయి ఊళ్లోకి వస్తుంది. ఆ రూపాయి మొదట సరుకు తయారుచేసినవాడికి, తర్వాత అతనికి సంచులు, డీజిల్, మరమ్మతులు అందించినవాడికి, ఆ తర్వాత వీళ్లిద్దరూ జీతం ఖర్చుపెట్టే కిరాణా కొట్టుకు, బడికి, మేస్త్రీకి చేరుతుంది. ఎగుమతి నిలిపే ఉద్యోగాలు అంటే ఈ మూడు వరుసల్లోని వాళ్లందరూ.

అయితే వచ్చిన డబ్బంతా ఇక్కడ ఆగదు. పాకాల చెరువులో నీరు నిలిస్తేనే కింద పొలం పారుతుంది. వచ్చిన వరద వచ్చినట్టే అలుగు దూకితే ఆయకట్టుకు మిగిలేది తడి మాత్రమే. జమ్మికుంట పత్తినే చూడండి. మనం విత్తి, కలుపు తీసి, ఏరి, జిన్నింగ్ మిల్లులో బేలు కట్టి పంపేస్తాం. దారం తీసే పనిలో చాలా భాగం కోయంబత్తూరు వైపు జరుగుతుంది, చొక్కా తిరుప్పూరులో కుడతారు. పత్తి మనదే అయినా అందులోని ఎక్కువ గంటల పని మనది కాదు. కాబట్టి ఎంత విలువ సరుకు ఎగుమతి అయిందనే కన్నా, ఊరు దాటేలోపు దాని మీద ఎన్ని చేతులు పడ్డాయని అడగాలి.

ఆర్మూరు పసుపు

లెక్చరర్ గారి మాటతో సగం వరకే ఏకీభవిస్తాను. చేతులు ఎన్ని పడ్డా ధర లేకపోతే ఆ చేతులకు ఇచ్చే కూలి ఎక్కడి నుంచి వస్తుంది? జూన్‌లో పసుపు పెడితే తవ్వేది జనవరి తర్వాతే. తవ్విన దాన్ని ఉడకబెట్టాలి, రెండు వారాల దాకా కళ్లంలో ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి, కొమ్మును, మండను వేరు చేయాలి. ఇంత పనీ మా ఊళ్లోనే జరుగుతోంది. అయినా 2019లో మా నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీ చేశారు, అందులో అత్యధికులు రైతులే. చేతులు కొదవై కాదు, ధర లేక నిలబడ్డాం.

ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2023-24లో దేశంలో 10.74 లక్షల టన్నుల పసుపు పండింది, 1.62 లక్షల టన్నులు విదేశాలకు వెళ్లింది, 22.65 కోట్ల డాలర్లు వచ్చాయి. అంటే పండినదాంట్లో ఆరో వంతు కూడా సముద్రం దాటలేదు. అయినా బయట గిరాకీ ఉందన్న మాట వినిపిస్తే మార్కెట్ యార్డులో పాట మారుతుంది, ఆ మార్పు మిగతా ఐదు వంతులకూ వర్తిస్తుంది. మా ఊళ్లో ఎగుమతి కోసమే పసుపు పండించేవాడు ఒక్కడూ లేడు, ఎగుమతి వల్ల ధర మారనివాడూ లేడు.

హన్మకొండ లెక్చరర్

ఆర్మూరు అన్నా, మీరిచ్చిన అంకెల్నే భాగించి చూడండి, కిలోకు దాదాపు ఒక డాలరు నలభై సెంట్లు వస్తుంది. ఆ అంకె చూస్తే మనం ఎక్కువగా కొమ్ములూ పొడీ బస్తాల్లో పోసి పంపుతున్నామని అర్థమవుతుంది. దాని నుంచి పసుపు రంగునిచ్చే కుర్కుమిన్ తీసి మాత్రలుగా చేసేవాడికి దక్కే ధర వేరు, ఆ కర్మాగారంలో రసాయనశాస్త్రం చదివిన పిల్లలకు దొరికే ఉద్యోగమూ వేరు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది, ప్రధాన కార్యాలయం మీ నిజామాబాద్‌లోనే పెట్టారు. 2030 నాటికి వంద కోట్ల డాలర్ల ఎగుమతి లక్ష్యమని చెప్పారు. కొమ్ములు పంపి ఆ అంకెను అందుకోవాలంటే నాలుగు రెట్లకు మించి పసుపు పండించాలి. పొలం అంత సాగదు కదా.

ఆర్మూరు పసుపు

ఈ మాట ఒప్పుకుంటాను. అయితే ఆ ఫ్యాక్టరీ మా పక్కనే రావాలి, హైదరాబాద్ శివార్లలో కాదు.

రాతి పని, కరీంనగర్

అన్ని చేతులూ ఊళ్లోనే పడాలనే మాట విని నా అనుభవం చెప్పాలనిపించింది. మా నాన్న క్వారీలో కంప్రెసర్ నడిపాడు, నేను పదహారేళ్లుగా దిమ్మెలు కొలిచే పనిలో ఉన్నాను. కరీంనగర్ చుట్టూ దొరికే టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ రాయికి ప్రపంచమంతటా పేరుంది, అయినా అది ఎక్కువగా వెళ్లేది దిమ్మె రూపంలో చైనాకే. ఒక క్యూబిక్ మీటరు రాయి రెండున్నర టన్నులకు పైగా తూగుతుంది. అంత బరువును గుట్ట నుంచి విడదీసి, పగుళ్లు లేకుండా చెక్కి, లారీ ఎక్కించి, రైలు మీద కాకినాడ రేవుకు పంపుతాం. అక్కడితో మన పని ముగుస్తుంది. చైనాలోని షియామెన్ వైపు ఫ్యాక్టరీల్లో దాన్ని పలకలుగా కోసి, మెరుగు పెట్టి, మళ్లీ ప్రపంచానికి అమ్ముతారు.

దిమ్మె మీద నేను సుద్దతో నంబరు వేసి, పొడవు, వెడల్పు, ఎత్తు రాస్తాను. కొనేవాడి మనిషి బకెట్‌తో నీళ్లు చల్లి, తడి ఆరేలోపు ఎక్కడైనా వెంట్రుకంత గీత కనిపిస్తుందేమో చూస్తాడు. కనిపిస్తే ఆ వైపు కొలత కోసేస్తాడు. మూడు రోజుల పని ఆ ఒక్క తడి గీతతో పోయిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

చైనాలో ఇళ్ల కట్టుబడి తగ్గాక మా దిమ్మెలు స్టాక్ యార్డుల్లో వరుసలు కట్టాయి. క్వారీలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ముందుగా వెళ్లిపోయారు, తర్వాత లారీల వాళ్లు వాయిదాలు కట్టలేక బండ్లు వదులుకున్నారు, చివరికి క్వారీ దారిలో చాయ్ హోటళ్లు మూతపడ్డాయి. లెక్చరర్ గారు చెప్పిన మూడు వరుసలూ పడిపోవడం నేను కళ్లారా చూశాను, ఇదే క్రమంలో.

మానుకోట మిర్చి

ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఎవరికైనా ఇదే గతి. తేజ మిర్చిది కూడా ఇదే కథ. 2023లో క్వింటాలుకు ఇరవై వేలు దాటిన కాయ రెండేళ్లు తిరిగేసరికి పదమూడు వేలకు దిగువన పలికింది. ఎకరం కౌలు, మందులు, ఏరిన కూలి తీసేస్తే మాకు మిగిలింది అప్పు మాత్రమే.

కాజీపేట గూడ్స్

గుమాస్తా గారు లెక్క అడిగారు. ఆ లెక్క దొరకకపోవడానికి ఒక కారణం నాకు తెలుసు. ఎనుమాములలో కొన్న కాయలో చాలా భాగం గుంటూరుకో ఖమ్మానికో వెళ్తుంది, అక్కడ శుభ్రం చేసి సంచులు మార్చి రేవుకు పంపుతారు. 2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి ఎండుమిర్చి రైలు నేరుగా బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది. అటువంటి బోగీల్లో మన మానుకోట, ములుగు కాయ ఎంత ఉంటుందో ఏ పుస్తకంలోనూ దొరకదు. ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లులో సరుకు పుట్టిన జిల్లా పేరు రాసే గడి 2020 నుంచి ఉంది, కానీ దాన్ని నింపేది ఎగుమతిదారుడే. రైతు ఒక జిల్లాలో, సంచి ఇంకో జిల్లాలో, బిల్లు మూడో ఊళ్లో ఉంటే ఉద్యోగాలను ఎవరి ఖాతాలో రాయాలి?

సూది దారం

నేను సంగెం మండలం అమ్మాయిని. ఇంటర్ అయ్యాక మూడేళ్లు తిరుప్పూరులో ఒక నిట్‌వేర్ కంపెనీలో కుట్టాను, ఇప్పుడు ఇంటికి దగ్గర్లోనే బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. రాతి అన్న చెప్పినదానికి పూర్తిగా ఎదురుగా ఉండే పని మాది, ఇందులో సరుకు కన్నా చేతులే ఎక్కువ. పసిపిల్లల చొక్కా ఒకటి మా లైన్‌లో పది మందికి పైగా చేతుల మీదుగా నడుస్తుంది. ఒకరు భుజం కలుపుతారు, ఒకరు మెడపట్టీ వేస్తారు, ఒకరు ఓవర్‌లాక్, ఒకరు అడుగు మడత, ఒకరు దారం చివరలు కత్తిరిస్తారు, ఆఖరున ఒకరు సూది ముక్క విరిగి లోపల ఉండిపోయిందేమో యంత్రం కింద పెట్టి చూస్తారు. నా వంతు గుండీ పట్టీ. కుట్టు ఒక నూలు పక్కకు జరిగినా ఆ ముక్క వెనక్కి వస్తుంది.

తిరుప్పూరులో ఉన్నప్పుడు హాస్టల్ అద్దె, మెస్ ఖర్చు పోగా ఇంటికి పంపేది తక్కువ. ఇప్పుడు జీతం కొంచెం తక్కువే, కానీ సాయంత్రం బస్సు దిగేసరికి మా అమ్మ ఎదురుగా ఉంటుంది. ఆ జీతం మా ఊరి కొట్టులోనే ఖర్చవుతుంది. మా లైన్‌లో చాలామంది బీడీలు చుట్టడం, పత్తి ఏరడం మానేసి వచ్చినవాళ్లే, నెల జీతం అనేది వాళ్ల ఇళ్లలో మొదటిసారి.

భయం కూడా ఉంది. తిరుప్పూరు కంపెనీలో ఒకసారి పెద్ద ఆర్డరు రద్దయినప్పుడు మమ్మల్ని నెలన్నర ఇంటికి పంపారు, ఆ రోజుల జీతం ఇవ్వలేదు. అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం సుంకం వేసిందన్న వార్త వచ్చిన రోజు మా క్యాంటీన్‌లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

హన్మకొండ లెక్చరర్

సూది దారం అమ్మా, మీ పోస్టు ఈ చర్చకు కీలకం. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినప్పుడు చెప్పిన ఉద్దేశమే అది. సూరత్‌కూ భీవండికీ వలస వెళ్లిన మన నేతవాళ్లను వెనక్కి రప్పించాలని, పత్తి పండిన చోటే బట్ట కావాలని. తర్వాత కేరళకు చెందిన కైటెక్స్, కొరియాకు చెందిన యంగ్‌వన్ వచ్చాయి. 2023లో కేంద్రం పెద్ద బట్టల పార్కుల కోసం తెచ్చిన పీఎం మిత్ర పథకంలో ఎంచుకున్న ఏడు చోట్లలో వరంగల్ ఒకటి. వచ్చిన కంపెనీల సరుకు ఎక్కువగా విదేశాలకే, కాబట్టి అక్కడ సుంకం మారితే ఇక్కడ పార్కుకు వెళ్లే గీసుకొండ బస్సులో సీట్లు ఖాళీ అవుతాయి. ఎగుమతి ఉద్యోగానికి ఈ బలహీనత పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని దాచి పొగడడం తప్పు.

కొత్తవాడ మగ్గం

వలస వెళ్లినవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే ఉండిపోయినవాళ్ల మాటా వినండి. మా వరంగల్ కొత్తవాడ జంపఖానాలు 1851లో లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయని పెద్దలు చెబుతారు, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాను. విదేశీ ఆర్డరు వస్తే దారానికి రంగులద్దే ఇంటికి, కండెలు చుట్టే ముసలమ్మకు, అంచులు ముడివేసే పిల్లకు, నాకు, మొత్తం నాలుగు ఇళ్లకు పని. కొలత తేడా రాకూడదు, రంగు దిగకూడదు, చెప్పిన తేదీ తప్పకూడదు. ఒకసారి నగరంలోని ఒక దళారి నలభై జంపఖానాలు తీసుకుని, కంటైనర్ వెనక్కి వచ్చిందని చెప్పి సగం డబ్బే ఇచ్చాడు. వచ్చిందో లేదో నేను చూసే దారి లేదు. ఎగుమతి పేరుతో పని దొరుకుతుంది కానీ, కొనేవాడి ముఖం మనకు కనపడదు, అసలు చిక్కు అక్కడే ఉంది.

ఓరుగల్లు శాసనాలు

కొత్తవాడ అన్నకు జరిగింది చదివితే మోటుపల్లి అభయ శాసనం గుర్తొచ్చింది. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవుకు వచ్చే సముద్ర వర్తకులకు రాసి ఇచ్చిన మాట అది. అంతకు ముందు తుఫానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ఇకపై అలా చేయమని, ఎగుమతి దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు మాత్రమే సుంకం తీసుకుంటామని రాతిలో చెక్కించాడు. ఓరుగల్లు కోట నుంచి సముద్రం ఎన్ని రోజుల దూరమో ఆలోచించండి. లోపలి ఊళ్లలో నేత నేసేవాడికి పని ఉండాలంటే రేవులో వర్తకుడికి నమ్మకం ఉండాలని ఆయనకు తెలుసు. ఈనాడు ఆ నమ్మకం రెండో దిక్కుకు కూడా కావాలి, వర్తకుడికే కాదు, నేసినవాడికి కూడా.

మిల్లు మునీమ్, పెద్దపల్లి

నమ్మకం మాట వచ్చింది కనుక బియ్యం సంగతి. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఒక్క ఆదేశంతో ఆపింది, ఆగస్టులో బాయిల్డ్ (ఉప్పుడు) బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. యాసంగి వడ్లు ఎండ దెబ్బకు నూక అవుతాయి కాబట్టి మా వైపు మిల్లులు బాయిల్డ్ చేసేవే ఎక్కువ. నిషేధం తీసేసింది 2024 సెప్టెంబరులో. దేశంలో బియ్యం ధర పెరగకూడదన్నది న్యాయమైన కారణమే, నేను కాదనను. కానీ ఆ పద్నాలుగు నెలల్లో మా మిల్లులో బస్తాలెత్తే హమాలీలకు ఎన్ని పూటలు పని పోయిందో ఎవరూ అడగలేదు. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు తెలంగాణ బియ్యం 12,500 టన్నులు బయలుదేరినప్పుడు మా హమాలీల మేస్త్రీ ఆ వార్త ఉన్న పేపరును గోడకు అంటించాడు.

జమ్మికుంట సీడ్

ఇంతమంది రాశారు, విత్తనం మాట ఎవరూ ఎత్తలేదు. దేశంలో అమ్ముడయ్యే హైబ్రిడ్ వరి విత్తనంలో అత్యధిక భాగం మన పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లోనే తయారవుతుంది, కొంత విదేశాలకూ వెళ్తుంది. చేతుల లెక్క అడిగితే ఈ పంటను మించింది లేదు. ఆడ వరుసలు, మగ వరుసలు వేరుగా నాటాలి. రెండూ ఒకే వారంలో పూతకు రాకపోతే పంట పోయినట్టే. పూత మీదున్న రోజుల్లో పొద్దున మంచు ఆరాక ఇద్దరు చెరో గట్టున నిలబడి పొడవాటి తాడును మగ వరుసల మీదుగా లాగుతూ పోతే పుప్పొడి పొగలా లేచి ఆడ మొక్కల మీద పడుతుంది. గాలి లేని రోజు దాన్నే నాలుగుసార్లు చేయాలి. మధ్యలో కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరివేయాలి, కోతకు ముందు మగ వరుసలు కోసి పక్కకు తీయాలి. మామూలు వరికి కోత మిషన్ వచ్చాక పని పోయిన ఆడవాళ్లకు ఈ విత్తన పంటలోనే ఇంకా పిలుపు వస్తోంది.

లోపం ఒక్కటి. కంపెనీకి మాకు మధ్య ఒప్పందం చాలాసార్లు మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ నోటి మాట. మొలక శాతం తగ్గిందంటే మా చేతిలో కాగితం ఉండదు. మోటుపల్లి శాసనం లాంటిది మాకూ ఒకటి కావాలి.

మడికొండ ఐటీ

సరుకు గురించే మాట్లాడుతున్నారు, పని కూడా ఎగుమతి అవుతుంది. 2020 జనవరిలో వరంగల్ పక్కన మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు తెరిచాయి, నేను హైదరాబాద్ నుంచి బదిలీ అడిగి వచ్చినవాళ్లలో ఒకణ్ని. 2022-23లో రాష్ట్రం ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలు, ఉద్యోగులు 9,05,715 మంది అని ప్రభుత్వం చెప్పింది. అందులో వరంగల్ వాటా చిన్నది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ కంటైనర్, రేవు, తుఫాను, తేమ శాతం ఏవీ అక్కర్లేని ఎగుమతి ఇది. ఇక్కడి నిట్‌లో, ఇతర కాలేజీల్లో చదివిన పిల్లలు ఇక్కడే ఉండగలిగితే ఇంటి అద్దె నుంచి టిఫిన్ సెంటర్ దాకా ఆ జీతం మన ఊళ్లోనే తిరుగుతుంది.

మానుకోట మిర్చి

తమ్ముడూ, మంచి మాటే. కానీ మిర్చి ఏరే నలభై ఐదేళ్ల మనిషిని మడికొండలో కూర్చోబెట్టలేం. ఆమెకు తెలిసిన పనిలోనే ఇంకో మెట్టు పైకి దారి కావాలి.

జగిత్యాల, షార్జా నుంచి

పదకొండేళ్లుగా ఇక్కడ ఉన్నాను. మా వైపు నుంచి ఎక్కువగా బయటికి వెళ్లింది బియ్యం కాదు, పసుపు కాదు, మేము. మేం పంపిన డబ్బుతో ఊళ్లల్లో ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి. లెక్చరర్ గారి భాషలో అదీ బయటి డబ్బే. తేడా ఏమిటంటే మిర్చి బస్తా వెళ్తే బస్తాయే వెళ్తుంది, నేను వచ్చినప్పుడు నా కొడుకు నడక నేర్చుకున్న రోజు కూడా పోయింది. సూది దారం చెల్లె రాసింది రెండుసార్లు చదివాను. సిరిసిల్ల అపెరల్ పార్కులో మా మరదలు కుడుతోంది, అలాంటి షెడ్లు మా మండలానికి ఇంకో రెండు వస్తే నేను వచ్చేస్తాను.

రాతి పని, కరీంనగర్

నువ్వు వచ్చేయాలని కోరుకుంటున్నాను అన్నా.

ఆర్మూరు పసుపు

సరుకు మీద పరీక్షల మాట ఎవరూ రాయలేదు. ఐరోపా వాళ్లు మిర్చి, పసుపు లాంటి వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషంలో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు దాటితే తీసుకోరు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. ఆ విషం బూజు నుంచి పుడుతుంది, బూజు తేమ నుంచి పుడుతుంది. కాయ విరగకుండా, తూకం వచ్చేలా నీళ్లు చల్లే అలవాటు మన దగ్గర ఉంది. ఎవరు చల్లారో రాయను, అందరికీ తెలుసు. ఆ చెంబెడు నీళ్లు మంచి ధర ఇచ్చే దేశాలన్నింటినీ మనకు దూరం చేస్తున్నాయి, అందుకే పరీక్ష తక్కువ ఉన్న కొద్దిమంది కొనుగోలుదారుల దయ మీద పడ్డాం.

మానుకోట మిర్చి

రైతును ఒక్కణ్నే అనకండి. నేను టార్పాలిన్ మీద పద్నాలుగు రోజులు ఎండబెట్టి, రోజూ తిరగేసి తెచ్చిన కాయకూ, నిన్న తడిపి తెచ్చిన కాయకూ అదే పాట వస్తే నేను ఎండబెట్టింది దేనికి? తేమ చూసి ధర కట్టండి, అప్పుడు చెంబు దానంతట అదే పక్కకు పోతుంది. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్లకూ రంగు తీయడానికీ పనికొస్తుంది. ఆ కాయకైనా మొదటి రోజు నుంచే తేమ లెక్కతో ధర కడితే బాగుంటుంది.

ఎనుమాముల గుమాస్తా

అందరూ రాసింది చదివాక, లెక్చరర్ గారు చెప్పినట్టు చేతులు లెక్కపెట్టాలనిపించింది. గత వారం మా అడ్తికి ఒక రైతు నలభై బస్తాల తేజ తెచ్చాడు, సుమారు పదహారు క్వింటాళ్లు. నోటు పుస్తకం పట్టుకుని అతన్నీ, తర్వాత ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకున్నాను.

ఏరడానికి పద్నాలుగు మంది ఆడవాళ్లు తొమ్మిది రోజులు వచ్చారు, అది 126 రోజుల పని. ఇంట్లో నలుగురు రోజుకు ఓ గంట చొప్పున రెండు వారాలు కాయ తిరగేశారు. ట్రాలీ డ్రైవర్ ఒకరు. మా దగ్గర దింపి, కాటా పెట్టి, మళ్లీ ఎత్తిన హమాలీలు ఆరుగురు, తూకం చూసే దడువాయి ఒకరు, రాలిన కాయ ఎత్తి చెరిగిన చాట కూలీలు ముగ్గురు, బస్తా కుట్టిన మనిషి ఒకరు, తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) రాసిన నేను. వీళ్లకు తలా ఒక్క పూట పని. సాయంత్రానికి లారీ డ్రైవర్, క్లీనర్ దాన్ని తీసుకుని వెళ్లిపోయారు.

కాయ తొడిమతోనే వెళ్లింది. ప్లాట్‌ఫారం మీద కూర్చున్న పెద్దమ్మను అడిగితే, మనిషి రోజుకు ముప్పై కిలోలకు తొడిమ తీయగలదని చెప్పింది. పదహారు క్వింటాళ్లకు 53 రోజుల పని అవుతుంది. పొలం దాటాక ఆ సరుకు మీద మన ఊళ్లో జరిగిన పనంతా కలిపినా అందులో ఏడో వంతు దాటదు. ఆ 53 రోజులు లారీలో గుంటూరు వెళ్లిపోయాయి.

ఇక్కడే ఎందుకు తీయించలేదని ఖరీదుదారును నేరుగా అడిగాను. ఆయన కోప్పడకుండా చెప్పాడు. అక్కడ కప్పు ఉన్న షెడ్డు, ఘాటు బయటికి లాగే ఫ్యాన్లు, తేమ కొలిచే మిషన్, కిలో లెక్కన కట్టే కూలి, సాయంత్రానికి లెక్క తెగే పద్ధతి ఉన్నాయట. ఇక్కడ ఎండలో తీయిస్తే మధ్యాహ్నానికి మనుషులు దగ్గుతూ లేచిపోతారు, మబ్బు పడితే కాయ తడుస్తుంది. అటువంటి షెడ్డు మార్కెట్ పక్కన ఉంటే ఏడాదికి ఎన్ని బస్తాలు ఇక్కడ తీయిస్తారని అడిగాను. కోల్డ్ స్టోరేజీలోని సరుకును కూడా వానాకాలంలో తెచ్చి తీయించుకోవచ్చని అన్నాడు. అదే జరిగితే జూన్ తర్వాత కూడా ఆ ప్లాట్‌ఫారం వాళ్లకు పిలుపు ఉంటుంది.

సూది దారం

గుమాస్తా అన్నా, మా ఫ్యాక్టరీలో గాలి మార్చే ఫ్యాన్లు బిగించిన మేస్త్రీ మా పక్క ఊరివాడే. వంద మంది కూర్చునే షెడ్డుకు ఎన్ని కావాలో, కరెంటు ఎంత అవుతుందో అడిగి ఆదివారం ఇక్కడే రాస్తాను. మీరు ఆ పెద్దమ్మను అడిగి, ఘాటుకు చేతులు మండకుండా ఏం కావాలో రాయండి.

ఎనుమాముల గుమాస్తా

అడిగాను. నూలు తొడుగులు కావాలంది, రబ్బరువి అయితే చెమటకు లోపలే కాలుతుందట. తాగే నీళ్లు, మజ్జిగ దగ్గరే ఉండాలంది. కూర్చోవడానికి పీట కావాలంది, నేల మీద కూర్చుంటే నడుము పోతోందని.